తువ్వాలు కింద చెయ్యి

గంగాకిషన్‌కు అక్షరం ముక్క రాదు గానీ, చెయ్యి చదవడంలో ఆర్మూరు మొత్తంలో అతన్ని మించినవాడు లేడు. ఈ మాట అన్నది అతని సేటు బాబురావే. ఆ రోజుల్లో పసుపు మార్కెట్లో బేరం నోటితో జరిగేది కాదు. రైతు కుప్ప పోశాక, రైతు తరఫున కమీషన్‌కు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు తన భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పుకునేవాడు. కొనే సేట్ల మనుషులు ఒక్కొక్కరే వచ్చి, ఆ తువ్వాలు కింద చెయ్యి దూర్చి, తమ రేటు వేళ్లతో నొక్కి చెప్పి పక్కకు జరిగేవారు. వెయ్యి చెప్పకుండానే అందరికీ తెలుసు; ఆ పైన వేళ్లు పట్టుకుంటే వందలు, కణుపులు నొక్కితే పదులు, గోటితో గీరితే ఐదు. ఎవరు ఎంత అన్నారో పక్కవాడికి తెలియదు. అందరికంటే ఎక్కువ అన్నవాడికి కుప్ప దక్కేది. బాబురావు తరఫున ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టేవాడు గంగాకిషన్.

ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాడికి మనుషుల మీద నమ్మకం ఎక్కడ మిగులుతుంది? మొహం ఊరి పక్క గుట్టవైపు చూస్తుంటుంది, నోరు పిల్లల బాగోగులు అడుగుతుంటుంది, అసలు సంగతి మాత్రం బట్ట కింద నడుస్తుంటుంది. లోకమంతా ఇంతేనని గంగాకిషన్‌కు గట్టి అభిప్రాయం. పాలవాడు చెంబు వంచితే అందులో వేలు ముంచి చూసేవాడు. ఇంట్లోకి తెచ్చిన పసుపు కొమ్మును కూడా విరిచి, చప్పుడు విని, వాసన చూసి గానీ పెళ్లాం నీలవ్వ చేతికి ఇచ్చేవాడు కాదు. తన పెళ్లిలో నెత్తిన పడిన అక్షింతల్లో నూకలెన్నో కూడా చూసి ఉంటాడని బావమరుదులు ఎగతాళి చేసేవారు.

ఆ పెళ్లి ఎనభై ఒకటిలో జరిగింది. నీలవ్వది కమ్మర్‌పల్లి. అత్తగారింటికి వచ్చేసరికి ఉన్నవి రెండు గదులు, తలుపు దగ్గర మామ, పొయ్యి దగ్గర అత్త, మధ్యలో పెళ్లికాని ఇద్దరు మరుదులు. కొత్త జంట మాట్లాడుకోవడానికి మూరెడు చోటు లేదు. అప్పుడు గంగాకిషన్‌కు తన విద్య అక్కరకొచ్చింది. అందరూ కూర్చుని ఉండగానే, తువ్వాలు ఒళ్లో పరచుకుని, పక్కన బీడీలు చుడుతున్న పెళ్లాం చెయ్యి దాని కిందికి లాక్కునేవాడు. మూడు వేళ్లు పట్టుకుంటే ఆదివారం మూడింటి సినిమాకు పోదామని. బొటనవేలు నొక్కితే కూరలో ఉప్పు తక్కువైందని. చిటికెన వేలి గోరు గీరితే దానికి అర్థం ఏమిటో వాళ్లిద్దరికే తెలుసు. నీలవ్వ వారం రోజుల్లో ఆ భాషంతా నేర్చింది. నాలుగో తరగతిలో ఆగిన చదువు మళ్లీ సాగినట్టుందని నవ్వేది. అప్పటి గంగాకిషన్ పొద్దున పదింటికి మార్కెట్ యార్డుకు పోయి, సాయంత్రం ఆరింటికి చేతులు కడుక్కుని ఇంటికొస్తే, మళ్లీ పొద్దున పదింటిదాకా అతను సేటు మనిషి కాడు.

తొంభై ఒకటిలో ఇంటికి ఫోన్ వచ్చింది.

బాబురావు వ్యాపారం పెరిగి నిజామాబాద్‌లో ఇల్లు కట్టాడు, సంసారం అక్కడికి మార్చాడు. సాంగ్లీలోని పెద్ద పసుపు మార్కెట్ నుంచి రేటు తెలియగానే, ఆ రోజు తాను ఎంతదాకా పోగలడో ఆ పైరేటు గంగాకిషన్‌కు చెప్పాలి. అందుకని తన ఖర్చుతో ఒక నల్ల ఫోన్ తెచ్చి వీళ్ల ముందుగదిలో పెట్టించాడు. "కొత్త జమానా కిషన్. ఇగ నువ్వు యార్డుల ఉన్నా ఇంట్ల ఉన్నా నాకు ఒక్కటే" అన్నాడు. గంగాకిషన్ ఛాతీ ఉప్పొంగింది. ఆ వీధిలో ఫోన్ ఉన్న ఇల్లు అదొక్కటే మరి. సేటు అన్న మాటలో మెలిక ఎక్కడుందో, కొమ్ము విరిచి చూసే మనిషి ఆ ఒక్కసారి విరిచి చూడలేదు.

పొద్దున ఆరింటికి ఒకసారి మోగేది, మార్కెట్ లేని రోజూ మోగేది. స్నానం చేస్తుంటే మోగేది, అన్నంలో చెయ్యి పెడితే మోగేది. చిన్న మరిది పెళ్లిలో తలంబ్రాల వేళ మనిషి వచ్చి "సేటు లైన్ల ఉన్నడు" అంటే, గంగాకిషన్ పీట మీది తమ్ముణ్ని వదిలి పరుగెత్తాడు. రేటు కాగితం మీద ఎక్కించవద్దని సేటు ఆన. చదువు రానివాడికి ఆ ఆన ఎందుకో గానీ, గంగాకిషన్ దాన్ని కూడా పాటించాడు. కుడిచేత్తో రిసీవర్ పట్టుకుని, విన్న రేటు మరిచిపోకుండా ఎడమచేతి వేళ్లతో తొడ మీద నొక్కుకునేవాడు, మార్కెట్ తెరిచేదాకా నొక్కుకుంటూనే ఉండేవాడు.

వీధికి మాత్రం ఆ ఫోన్ వేరే పనికి వచ్చింది. ఇంటికొక మొగవాడు గల్ఫ్‌లో ఉన్న వీధి అది. ఆడవాళ్లు ఉత్తరాల్లో ఈ నంబరు రాసి పంపారు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ రోజు పదకొండింటికి దుబాయ్ నుంచో మస్కట్ నుంచో ఎవరిదో ఒకరి ఫోన్ వచ్చేది. పక్కింటి కమలవ్వ రెండు వారాలకొకసారి ఉతికిన చీర కట్టుకుని వచ్చి, మొగుడు గంగాదాస్‌తో మూడు నిమిషాలు మాట్లాడి, కళ్లు తుడుచుకుని పోయేది. మిగతా రోజుల్లో ఆ ఆడవాళ్లంతా నీలవ్వ అరుగు మీదే తునికాకు చేటలు ముందేసుకుని బీడీలు చుట్టేవారు. నీలవ్వ ఇంట్లో మొగుడి మాట తగ్గినకొద్దీ అరుగు మీద మాట పెరిగింది. అది లేకపోతే ఆమెకు పిచ్చెక్కేదే.

తొంభై మూడులో పసుపు రావడం మొదలైన పది రోజులకే తేడా కనబడింది. మంచి కుప్పలన్నీ ఎదుటి సేటుకు పోతున్నాయి. అది కూడా ఎంత తేడాతో? ఐదు రూపాయలు. బాబురావు పైరేటు పదమూడు వందలు అయితే, ఎదుటివాళ్లు పదమూడు వందల ఐదు. మర్నాడు పన్నెండు వందల ఎనభై అయితే, వాళ్లు ఎనభై ఐదు. ఒకరోజు జరిగితే అదృష్టం, పది రోజులు జరిగితే దొంగతనం.

"కిషన్, నా నోట్లెకెల్లి రేటు నీ చెవుల పడుతది. నడుమ ఎవలున్నరు?" అన్నాడు బాబురావు ఫోన్లో. "నీ ఇంట్లనే ఉన్నడు దొంగ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టడంటరు, నువ్వు పట్టాలె. ఉగాది లోపల పట్టకపోతే తువ్వాలు కింద నీ చెయ్యి ఉండది."

ఉగాదికి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఇరవై ఏళ్ల పని, ఇరవై రోజుల గడువు.

పొద్దున యార్డు గేటు ముందు టీ కొట్టు దగ్గర ధర్మయ్యకు గోడు చెప్పుకుందామా అనుకున్నాడు. ధర్మయ్య ఎదుటి సేటు తరఫున తువ్వాలు కింద చెయ్యి పెట్టేవాడు. పనిలో పోటీదారే అయినా చిన్ననాటి దోస్తు. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని, చేతిలో చెయ్యి వేసుకుని, లోకం సంగతులు చెప్పుకుని, చాయ్ తాగి లోపలికి పోవడం రోజూ ఉన్నదే. ఈ మధ్య చాయ్ పైసలు ధర్మయ్యే ఇస్తున్నాడు. పిసినారిగా పేరున్న ధర్మయ్య పైసలిస్తుంటే, లోకాన్నంతా అనుమానించేవాడికి అది ఒక్కటి మాత్రం అనుమానంగా తోచలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. దోస్తుతో గోడు చెప్పలేదు గానీ, చెయ్యి మాత్రం చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు.

అనుమానం ముందుగా అరుగెక్కింది. కమలవ్వ తమ్ముడు ఎదుటి సేటు దగ్గరే హమాలీ. ఇక చాలదా? ఫోన్ మోగినప్పుడు ఆమె చేతులు ఆగుతున్నట్టు, చెవి కిటికీవైపు తిరుగుతున్నట్టు గంగాకిషన్‌కు కనబడసాగింది. అనుమానంతో చూస్తే ఆకు కత్తిరించే చప్పుడు కూడా రేటు చెబుతున్నట్టే ఉంటుంది. ఒకరోజు పొద్దున బయటికొచ్చి, "గీడ కూసునుడు బంద్. మీమీ ఇండ్లల్ల చుట్టుకోండ్రి" అన్నాడు. ఆడవాళ్లు నీలవ్వ మొహం చూశారు. నీలవ్వ నేల చూసింది. చేటలు ఎత్తుకుని ఒక్కొక్కరే దిగిపోయారు.

శుక్రవారం అరుగు మీదికి మళ్లీ ఎవరైనా చేరారేమో చూడటానికి గంగాకిషన్ యార్డు నుంచి ఇంటికొచ్చాడు. పదకొండింటికి ఫోన్ మోగింది. నీలవ్వ నీళ్లకు పోయి ఉంది.

"హలో, కిషనన్నా, నేను గంగాదాస్‌ను. జర మా కమలను పిలువవా?"

"రాంగ్ నంబర్" అన్నాడు గంగాకిషన్, పెట్టేశాడు.

మళ్లీ మోగింది. "అన్నా, నువ్వే గదా? గంట సంది లైన్ల నిలవడ్డ అన్నా."

"రాంగ్ నంబర్ అంటున్న గదా!"

గోడ అవతల కమలవ్వ ఉతికిన చీర కట్టుకుని, పిలుపు కోసం గడపలో నిలబడి ఉంది. గంగాకిషన్ కిటికీలోంచి చూశాడు. గుండెలో ఏదో కలుక్కుమంది. దాన్ని కూడా అనుమానించి, పక్కన పెట్టాడు.

అరుగు బోసిపోయింది, గల్ఫ్ ఫోన్లు ఆగాయి. అయినా మంచి కుప్పలు పోతూనే ఉన్నాయి, అదే ఐదు రూపాయల తేడాతో. ఇంట్లో ఇంక మిగిలింది ఎవరు? అమ్మానాన్నలు కాలం చేశారు, తమ్ముళ్లు వేరు కాపురాలు పెట్టారు. ఇద్దరు పిల్లలు, వాళ్లకు పుస్తకాల గోల. ఇక నీలవ్వ. గంగాకిషన్ ఆమెకు వల పన్నాడు. మర్నాడు రిసీవర్ చెవికి అతికించుకుని, సేటు పదమూడు వందల నలభై అంటే, తాను మాత్రం గట్టిగా, "పన్నెండు వందల డెబ్బయ్యా సేటు? మంచిది" అన్నాడు. అవతల సేటు "ఏమైందిరా నీకు?" అని అరుస్తుండగానే పెట్టేశాడు. నీలవ్వ పొయ్యి దగ్గర వినీ విననట్టు రొట్టె కాలుస్తోంది. దొంగ ఆమే అయితే ఇవాళ డెబ్బై ఐదు అంటారు, దొరికిపోతారు.

ఆ రోజు ఎదుటివాళ్లు కుప్ప కొన్నది పదమూడు వందల నలభై ఐదుకు.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. నోటితో అన్నది ఒకటి, మనసులో ఉన్నది ఒకటి. బయటికి పోయింది మనసులోది. కానీ అనుమానం పట్టినవాడికి ప్రతి తలుపూ ఒకే గదిలోకి తెరుచుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అన్నాడు: "నా మొకం జూసి పసిగడుతున్నవ్ గదా? పన్నెండేండ్ల సంది చూస్తున్నవ్, నీకు దెలుస్తది. ఎవలికి చెప్తున్నవ్? ఎంతిస్తున్నరు నీకు?"

నీలవ్వ చుడుతున్న బీడీ దారం వేలికి అలాగే ఉండిపోయింది. అరుస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె చేట పక్కకు జరిపి, "నీ చెయ్యి తే" అంది.

"ఎందుకు?"

"తెమ్మన్న. తెచ్చి ఊకె కూసో."

అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుని, కొంగు తీసి దాని మీద కప్పింది. ఎన్నేళ్లయిందో అలా కూర్చుని. గంగాకిషన్ కోపంతో గోడవైపు చూస్తున్నాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో నీలవ్వ చెప్పింది: "పదమూడు వందల నలభై."

గంగాకిషన్ చెయ్యి గుంజుకున్నాడు. "జూసినవా! నీకు ఎరుకే! దొరికినవ్!"

"నేను కాదు దొరికింది, నువ్వు." అంది నీలవ్వ. "నీ వేళ్లే చెప్తున్నయ్. రెండేండ్ల సంది చెప్తున్నయ్. ఫోన్ వచ్చిన కాడికెల్లి నువ్వు ఎవలి చెయ్యి వట్టుకున్నా గదే చెప్తున్నవ్. చిన్నోనికి జరమొచ్చి దవాఖానల పండినప్పుడు వాని చెయ్యి వట్టుకోని కూసున్నవ్ యాదికుందా? నాయిన ఏదో లెక్క నొక్కుతుండే అని వాడు నవ్విండు. పిలగాడు గట్ల పడి ఉంటే నీ చెయ్యి పసుపు బేరం చేసింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? నా చెయ్యి వట్టుకున్నప్పుడు జర నన్ను యాది చేసుకో అని అడుక్కోవాల్నా?" అని నీలవ్వ కొంగు సర్దుకుంది. "నేనెవలికి చెప్పిన్నో గా ఫికర్ ఇడిశిపెట్టు. పొద్దుగాల ఇంట్లకెల్లి పోయి ఎవలి చెయ్యి వట్టుకుంటున్నవో, గది యాది జేసుకో."

మర్నాడు పొద్దున టీ కొట్టు బెంచీ మీద గంగాకిషన్ ఎప్పటిలాగే కూర్చున్నాడు. ధర్మయ్య ఎప్పటిలాగే చెయ్యి చాచాడు. ఇవాళ గంగాకిషన్ గుట్టవైపు చూడలేదు, తన చేతినే చూశాడు. తన వేళ్లు తనవి కానట్టు కదిలాయి. మూడు వేళ్లు. తరువాత రెండు కణుపులు. తొడ మీద నొక్కుకున్నట్టే, ఏమీ తెలియనట్టే. ధర్మయ్య మాత్రం మొహం ఎటో తిప్పి, తల కొంచెం ఊపాడు.

"ఎన్నొద్దుల సంది రా?" అన్నాడు గంగాకిషన్.

ధర్మయ్య ముందు నవ్వాడు. తరువాత అవతలి మొహం చూసి నవ్వు ఆపాడు. "అంటే... నీకు దెల్వక చెప్తున్నవా?"

"నాకు దెలిసి చెప్తనారా?"

"ఓరి నీ!" ధర్మయ్య చెయ్యి వదిలేశాడు. "నేను దోస్తానతోని చెప్తున్నవనుకున్న గదరా! నిరుడు మా సేటు నన్ను తీసేస్తనన్నడని నీ ముందు ఏడ్చిన యాదికుందా? గా బాధ జూసి ఈ ఏడు పసుపు రాంగనే చెప్తున్నవనుకున్న. ఇసొంటి మాట నోటితోని అడుగొద్దని ఊకున్న. అందుకే గదా చాయ్ పైసలు రోజూ నేనే ఇస్తున్న!"

గంగాకిషన్‌కు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ధర్మయ్య అబద్ధం చెబుతున్నాడా అని అలవాటు కొద్దీ మొహం చూశాడు. మొహం నిజమే చెబుతోంది. నిజం చెబుతుందని నమ్మడమే అతనికి కష్టమైంది.

ఆ రోజు సాయంత్రం సేటు ఫోన్ చేశాడు. "దొరికిండ్రా? ఆడోళ్లే గదా? నువ్వు అనుమానమన్న గా దుబాయోని పెండ్లమే గదా?"

ఎంత సులువు! ఒక్క "ఔను" చాలు. కమలవ్వ ఎటూ అరుగు దిగి పోయింది, తువ్వాలు కింద తన చెయ్యే ఉంటుంది, రేపటి నుంచి ధర్మయ్య చెయ్యి ముట్టకపోతే సరి. నీలవ్వ వంటగది గడపలో నిలబడి ఉంది. ఆమె చూపులో ఏమీ అడగడం లేదు. ఏమంటాడో ముందే తెలుసన్నట్టు చూస్తోంది. ఆ చూపు గంగాకిషన్‌కు బాగా పరిచయం. తానే ఇరవై ఏళ్లుగా జనాన్ని అలా చూస్తున్నాడు.

"ఆడోళ్లు గాదు సేటు. ఎవలూ గాదు. నా చెయ్యే."

చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పేశాడు. బాబురావు నమ్మాడో లేదో ఎవరికి ఎరుక. ఆఖరుకు, "రేపటి సంది తువ్వాలు కింద చెయ్యి వేరేటోడు పెడుతడు. నువ్వు కాంటా కాడ కూసో. శనివారం మనిషిని పంపుత, ఫోన్ తీసుకపోతడు" అన్నాడు.

"శనివారమే గదా సేటు? శుక్రవారం దాకైతే ఉంటది గదా?"

"శుక్రవారం నీకేం పని?"

గంగాకిషన్ ఫోన్ పెట్టేశాడు. నేరుగా పక్కింటికి పోయాడు. కమలవ్వ ఇంట్లో ఒక్కతే చేట ముందేసుకుని కూర్చుని ఉంది.

"చెల్లె, శుక్రవారం గంగాదాస్ ఫోన్ చేస్తడు గదా, రా. నేనే పిలుస్త" అన్నాడు.

కమలవ్వ తలెత్తలేదు. "ఉత్తరమొచ్చింది అన్నా. కిషనన్న గొంతు గుర్తువట్టిన, మనమేం తప్పు జేసినమో అడుగుమని రాసిండు. నేనేం అడగ. మందుల దుకాణపోళ్ల నంబర్ రాసి పంపిన."

"తప్పు నాది చెల్లె" అన్నాడు. కమలవ్వ తల ఊపింది. ఆకు కత్తిరించడం మాత్రం ఆపలేదు.

శుక్రవారం కాంటా దగ్గర సగం రోజు సెలవడిగి గంగాకిషన్ పది గంటలకే ఇంటికొచ్చాడు. ఉత్తరం ఇంకా దుబాయ్ చేరలేదేమో, పాత నంబరుకే చేస్తాడేమో. ఒకవేళ మోగితే గోడ దూకైనా కమలవ్వను పిలవాలి. ఫోన్ పక్కనే నేల మీద కూర్చున్నాడు. పదకొండయింది. పన్నెండయింది. రెండేళ్లుగా స్నానంలో, అన్నంలో, పెళ్లిలో మోగిన ఫోన్ ఇవాళ కిక్కురుమనలేదు. ఒంటిగంటకు కిటికీలోంచి కమలవ్వ కనబడింది, మందుల దుకాణం వైపు నుంచి వస్తోంది. ఉతికిన చీర కట్టుకుంది. కళ్లు తుడుచుకుంటోంది.

నీలవ్వ చేట తెచ్చి అతని పక్కన కూర్చుంది. గంగాకిషన్ చెయ్యి నేల మీద వెల్లకిలా పడి ఉంది. నీలవ్వ చుట్టిన బీడీ పక్కన పెట్టి, ఆ చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. కొంగు కప్పింది. వేళ్లు ఏమంటాయో అని చూసింది.

వేళ్లు ఏమీ అనలేదు.

ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంకాసేపు పట్టుకుని కూర్చుంది.